ఒంటికంటి కాటుక

మొన్న మేం కొన్న కారు కొత్తది కాదు. దానికి మేం కొత్త, అంతే. సత్తెనపల్లి దగ్గర ఒక మిరప రైతు కొన్నేళ్లు వాడి అమ్మిన తెల్ల కారు. మా ఆయన ఇంజను చూశారు, టైర్లు చూశారు, డిక్కీలో తల పెట్టి వాసన కూడా చూశారు. నేను మాత్రం తలుపుల మీద అడ్డంగా అంటించి ఉన్న నల్ల రబ్బరు పట్టీల దగ్గరే ఆగిపోయాను. ఎండకి పెళుసెక్కి, సగం ఊడి, గాలికి తోకల్లా ఆడుతున్నాయి. గుంటూరు తీసుకొచ్చి ఇంటి ముందు ఆపగానే మా ఆయన చెప్పులైనా విప్పకుండా ఒక పట్టీ చివర పట్టుకున్నారు.

"ఆగండి, పీకద్దు. వాళ్లని ఒక మాట అడుగుదాం" అన్నాను.

"కారు మనది, పట్టీ మనది. పీకడానికి వాళ్ల పర్మిషనేంటి?"

మా ఇంట్లో ఇది పాత తగవు. గోడకున్న మేకు గానీ, గేటుకి ఎవరో కట్టిన గుడ్డపేలిక గానీ, ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియందే నేను చెయ్యి వెయ్యను, వెయ్యనివ్వను. పెరట్లో కలుపు తియ్యాలన్నా అమ్మ ముందు గడ్డిని అడిగొస్తుందని మా అమ్మాయి వెక్కిరిస్తుంది. వెక్కిరిస్తే వెక్కిరించనీ. రైతుకి ఫోను చేశాను. ఆయన అవతల ఏదో ట్రాక్టరు చప్పుడు మధ్య నుంచి, "అదా అమ్మా, యార్డు దగ్గర మిరప టిక్కీలు ఎత్తేటప్పుడు గోతాలు రాసుకుని గీతలు పడతన్నాయని అంటించాం. పీకేసుకోండి, మాకేం పట్టింపు లేదు" అన్నాడు. పట్టీ మీద పట్టింపు లేదని ఆయన తెలియక అన్నా, నాకు మాత్రం ఆ మాట తీయగా ఉంది. అప్పుడు మొదలుపెట్టాం.

మా ఆయన ఫోనులో ఎవరో చూపించిన పద్ధతి చూసి పెట్టుకున్నారు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో పట్టీని వెచ్చబెట్టాలట, చేపల గాలం దారం రెండు చేతులా పట్టుకుని రంపంలా లాగి జిగురుని కొయ్యాలట, మిగిలిన బంకని ఏదైనా నూనెతో నానబెట్టి తుడవాలట. గాలం దారం కోసం బజారుకి బయల్దేరుతుంటే ఆపి, నా పెట్టెలోంచి పాత పట్టు దారం కండె తెచ్చి ఇచ్చాను. పట్టు వదిలించడానికి పట్టుని మించింది లేదు. నూనె కోసం జలుబుకి వాడే నీలగిరి తైలం సీసా తెచ్చాను. ఈ పద్ధతి నాకు ఆ ఫోను పుట్టకముందు నుంచీ తెలుసు. తైలం గుడ్డ మీద ఒలికిందో లేదో, ఆ ఘాటుకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "తైలానికా, సాయంత్రం కంట్లో వేసుకునే చుక్కలు మర్చిపోయావా?" అని అడిగారు మా ఆయన. రెండూ కాదు. ఆ వాసనకి నా అరచేతులు ఇరవై ఏళ్లవైపోయాయి. నేను చీరాలలో ఒక తెల్ల కారు పక్కన, ఎండలో నిలబడి ఉన్నాను.

మా నాన్న కోటయ్య చీరాలలో మాణిక్యమ్మగారి కారు నడిపేవాడు. మా అమ్మ మగ్గం నేసేది. ఇంట్లో ఒకళ్లది కాళ్లూ చేతులూ కలిసి చేసే పని, ఇంకొకళ్లదీ కాళ్లూ చేతులూ కలిసి చేసే పనే. ఇద్దరూ కూర్చునే చేస్తారు గానీ, నాన్న మధ్యాహ్నానికి పర్చూరు దాకా వెళ్లొస్తే అమ్మ రోజంతా తొక్కినా ఆ మగ్గం గుంటలోనే ఉండేది. అమ్మది ఎడమచెయ్యి వాటం. అందరూ దారం కుడిచేత్తో పేనితే అమ్మ ఎడమచేత్తో పేనేది. పురి అటుది ఇటు పడేది. పెళ్లయిన కొత్తలో మా నాయనమ్మ, "ఈ పిల్ల పురి తిరగేసుకుని పుట్టింది" అని వీధిలో అందరికీ చెప్పిందట. తెల్లారగానే వీధి పొడుగునా పడుగులు సాచి గంజి పెట్టే వాసన, పొయ్యి మీద అమ్మ కాచే పలచటి కాఫీ వాసన, నాన్న ఖాకీ చొక్కాకి పట్టేసిన పెట్రోలు వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటి వాసన. గుంటూరు హాస్టల్లో చేరాక మొదటి నెల ఆ వాసన లేక నాకు నిద్ర పట్టలేదు. రెండో నెలకి అదే వాసన చెప్పుకోడానికి సిగ్గేసేది. చదువు అంత తొందరగా వంటబట్టింది నాకు.

మాణిక్యమ్మగారికి చీరల కొట్టు ఉండేది. భర్త పోయాక, ఆడమనిషి ఏం నెగ్గుకొస్తుందిలే అని బజారంతా ఎదురుచూస్తుంటే, కొట్లో ఆయన కూర్చునే తెల్లదుప్పటి పరుపు మీద ఆవిడే వెళ్లి కూర్చుంది. మళ్లీ లేవలేదు. ఎప్పుడూ బుగ్గన ఒక లవంగం ఉండేది. నేతగాళ్లు తెచ్చిన చీరని ఒళ్లో పెట్టుకుని, మాటల్లో మాటగా రెండు వేళ్లతో అంచు వెంట నిమురుతూ పోయేది. ఎక్కడో ఒకచోట వేళ్లు ఆగేవి. "ఇక్కడ పోగు తెగింది. అతికింది నువ్వు కాదు, మీ ఆవిడ. నువ్వైతే ఇంకాస్త మొద్దుగా అతుకుతావు" అనేది. నేతగాడు తల గోక్కునేవాడు. ఆవిడ వేళ్లతో చూస్తుందని చీరాలంతా చెప్పుకునేవాళ్లు. పొగడ్త అనుకుని చెప్పేవాళ్లు పాపం.

ఇంకో అలవాటు, కారు తలుపు ఎవరైనా తీస్తే ఆవిడకి ఒళ్లు మండేది. "నా చేతులేం పడిపోయాయా?" అని కసిరేది. చెయ్యి పట్టుకోబోయినవాళ్లకి ఇంకా ఘాటుగా పడేవి. అందుకని సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు నాన్న కారు వెనక భాగం మెట్లకి ఆనేటట్టు తెచ్చి ఆపి, తన సీట్లో తను కూర్చునేవాడు. ఆవిడే మెట్లు దిగి, వెనక దీపం మీద చెయ్యి వేసి, కారు పక్కనే నడిచి, తలుపు తీసుకుని ఎక్కేది.

నేను డిగ్రీ మొదటి సంవత్సరం అయి వేసవి సెలవులకి వచ్చేసరికి ఆ కారుకి ఒక పట్టీ వెలిసింది. లారీ ట్యూబు కోసి తీసిన వేలెడు వెడల్పు నల్ల రబ్బరు. పంక్చర్లు వేసే సొల్యూషను పూసి నాన్నే అంటించాడు. అది కూడా ఎడమ పక్క మాత్రమే. వెనక దీపం దగ్గర మొదలై, మధ్యలో కాస్త ఒంకర పోయి, వెనక తలుపు పిడి దగ్గర ఆగిపోయింది. కుడి పక్క ఏమీ లేదు. తెల్లటి కారు మీద అదొక్కటీ చూసి బజార్లో వాళ్లు 'ఒంటికంటి కాటుక' అని పేరు పెట్టారు. పిల్లలు కారు వెంట పడి, "కోటయ్య బాబాయ్, రెండో కంటికి కాటుక అయిపోయిందా?" అని అరిచేవాళ్లు. నాన్న నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు.

"ఎందుకు నాన్నా అది?" అని అడిగాను ఒకసారి.

"గేటుకి గీసుకోకుండా."

"గేటు స్తంభం కుడి పక్కన కదా ఉంది?"

"ఉంటే ఉండనీవే" అన్నాడు. అని బీడీ వెలిగించుకున్నాడు. నా పేరు సరళ. పేరుకి తగ్గట్టు నాకు వంకరగా ఉన్నదేదీ నచ్చేది కాదు, నా బుద్ధి ఒక్కటి తప్ప. నేనూ ఇంకేమీ అడగలేదు. సమాధానం దొరక్కపోతే ప్రశ్నే తప్పని వదిలేసే వయసు అది.

మరుసటి ఏడు మళ్లీ వేసవి. మధ్యాహ్నం నాన్నకి అన్నం క్యారేజీ పట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్లాను. మాణిక్యమ్మగారి మరిది కొడుకు భాస్కరరావు నన్ను పక్కకి పిలిచాడు. కొట్లో బయటి పనులన్నీ అతనే చూసేవాడు. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా వేసుకునేవాడు. "ఏమ్మా, డిగ్రీ ఎంతవరకు వచ్చింది?" అని అడిగాడు. కోటయ్య కూతుర్ని 'అమ్మా' అని పిలిచిన మొదటి యజమాని అతను. ఆ ఒక్క అక్షరానికి నేను పడిపోయాను. "ఇవాళ హైదరాబాదు నుంచి పెద్ద షాపువాళ్లు ఇద్దరు వచ్చారు. లోపల పెద్దమ్మతో సరుకు చూస్తన్నారు. సాయంత్రం బయటికొచ్చి ఆ కారు చూస్తే మన పరువేం కావాలి చెప్పు. మీ నాన్నకి చెప్తే వినడు. నువ్వు చదువుకున్నదానివి, నీకైతే అర్థమవుద్ది" అన్నాడు.

నాకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. నాన్న అన్నం తిని వెనక వాకిట్లో గోడనీడన తుండు కప్పుకుని పడుకున్నాడు. కారు సందులో ఎండలో ఉంది. నేను పరుగున ఇంటికి వెళ్లి వేడినీళ్ల గిన్నె, పాత గుడ్డలు, నీలగిరి తైలం సీసా, అమ్మ అంచులకని పేనిపెట్టుకున్న పట్టు దారం బారెడు తెచ్చాను. అమ్మ మగ్గంలోంచి తల ఎత్తి చూసిందే గానీ ఏమీ అడగలేదు.

ఆ పని నాకు ఎవరూ నేర్పలేదు. రోహిణి కార్తె ఎండకి రబ్బరు అప్పటికే సగం మెత్తబడి ఉంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డ దాని మీద అద్ది, పిడి దగ్గర గోటితో ఒక చివర లేపి, దారం కిందికి దూర్చి, రెండు చేతులకీ చుట్టుకుని అటూ ఇటూ లాగాను. దారం వేళ్లని కోస్తోంది, జిగురునీ కోస్తోంది. రబ్బరు చిర్రుమంటూ ఒక్కో అంగుళం వదిలింది. పూర్తిగా ఊడి చేతికొచ్చేసరికి అది సాగి, మెలికలు పడి, ఎండిన పొట్లకాయలా అయింది. కారు మీద మాత్రం పట్టీ పొడుగునా పట్టీ దెయ్యం మిగిలింది. పసుపూ నలుపూ కలిసిన బంక, గరుకుగా, గట్టుకట్టినట్టు. పిడి దగ్గర్నుంచి వెనక్కి మొదలుపెట్టాను. తైలం అద్ది, కాసేపు నాననిచ్చి, బొటనవేలితో దొర్లిస్తే మట్టిపురుగుల్లా ఉండలు కట్టి రాలిపడుతోంది. కింద రంగు ముత్యంలా బయటపడుతోంది. రెండు జానల మేర తీశాను. నా పనికి నేనే ముచ్చట పడి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటుంటే వెనక ఖాకీ చొక్కా వాసన తగిలింది.

నాన్న తిట్టలేదు. కారు దగ్గరికి వెళ్లి, నేను శుభ్రం చేసిన చోట అరచెయ్యి వేశాడు. అక్కణ్ణుంచి బంక మీదికి, మళ్లీ నున్నటి చోటుకి చెయ్యి జరిపాడు. కింద పడి ఉన్న రబ్బరు ముక్క తీసి, ఒకసారి ఆనించి చూశాడు. అది వంకర్లు తిరిగి నిలవలేదు.

"ఎవరు చెప్పారే?"

"భాస్కరరావుగారు. అందంగా లేదని..."

నాన్న సందు రెండు వైపులా చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మగారికి చూపు లేదే" అన్నాడు.

మొదట నాకు మాట వినపడింది గానీ అర్థం లోపలికి దిగలేదు. "రెండేళ్లయింది. ముందు ఒక కన్ను పోయింది, తర్వాత రెండోది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. గుంటూరు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లా. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకుంది. తెలిస్తే ఆ పరుపు మీద ఒక్కరోజు కూర్చోనిస్తారటే? పరుపు దగ్గర్నుంచి మెట్ల దాకా ఆవిడకి అడుగులు కొలతే. మెట్లు కూడా తెలుసు. కారే, ఒకరోజు జానెడు ముందుంటది, ఒకరోజు వెనకుంటది. పిడి ఎక్కడుందో తడుముకుంటుంటే నలుగురూ చూడరూ? అందుకని పట్టీ. దాని మీద వేలేసి నడిస్తే తిన్నగా పిడి దగ్గరికి తీసుకెళ్లుద్ది."

సొల్యూషన్ అంటే పంక్చరు బంకే అనుకున్నాను అంతవరకు. నాన్న దాంతో అంటించింది రబ్బరుని కాదు.

"మళ్లీ అంటిద్దాం నాన్నా, సొల్యూషను తెస్తాను."

"పూసి ఒక పూట ఆరనివ్వాలి. ఇప్పుడు అంటిస్తే ఆవిడ చేతిలోకే ఊడొస్తది." లోపల కొట్లో పరుపు దగ్గర గ్లాసుల చప్పుడైంది. వచ్చినవాళ్లు లేవబోతున్నారు. నాన్న కారుని మెల్లిగా తిప్పి ఎప్పటిలాగే మెట్లకి వెనక ఆనించాడు. దిగి, "మిగతా బంక ముట్టుకోకు. ఉన్నంతవరకు అదే దారి చూపిద్ది" అన్నాడు. నేను తుడిచిన ఆ రెండు జానల వైపు చూశాడు. "అక్కడే..." అని ఆగిపోయాడు. తలుపు పక్కన నిలబడి ఆవిడకి గుర్తుగా దగ్గుదామనుకున్నాడేమో. అంతలో వాకిట్లోంచి భాస్కరరావు, "కోటయ్యా, వెనక గదిలో మూటలున్నాయి. నువ్వే వెళ్లి తీసుకురా, తొందరేం లేదు" అని కేకేశాడు. మూటలు డిక్కీ దాకా పనివాళ్లే తెచ్చేవాళ్లు, డ్రైవరుని వెనక గదికి పంపడం ఆ కొట్లో ఎప్పుడూ లేదు. నాన్న నా వంక ఒక్క చూపు చూసి వెళ్లిపోయాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

భాస్కరరావు గుమ్మం పక్కన నిలబడి, వచ్చినవాళ్లలో పెద్దాయనతో నవ్వుతూ, "నేను చెప్పానుగా అండి, పెద్దమ్మకి చూపు బాగా తగ్గింది. ఇకనుంచి మాటలన్నీ నాతో అయితే మీకూ సుఖం. ఇప్పుడు మీరే చూస్తారుగా" అన్నాడు. ఆయన, "లోపల అంచులో పోగు కూడా చెప్పారే" అన్నాడు అనుమానంగా. "అది అలవాటు మీద చెప్పేదండీ" అన్నాడు భాస్కరరావు. అప్పుడు నాకు, నన్ను 'అమ్మా' అని ఎందుకు పిలిచాడో తెలిసింది. నేను పీకింది పట్టీని కాదు. ఒక మనిషిని పరుపు మీద నుంచి లేపి, మా నాన్న మాట మట్టిలో కలపడానికి కావలసినదంతా రెండు జానల్లో తుడిచి పెట్టాను.

మగ్గం మీద పోగు తెగితే అమ్మ మగ్గం ఆపేది కాదు. ఎడమచేత్తో కొత్త పోగు అందుకుని, రెండు కొసలూ కలిపి నులిమి, ముందుకి పోయేది. నా చేతికి ఆ పట్టు దారం ఇంకా చుట్టుకునే ఉంది. బంక ఆగిన చోట తైలానికి మెత్తబడి ఉన్న జిగురులో ఒక కొస నొక్కాను. రెండో కొస బిగించి లాగి, తలుపు పిడి మొదట్లో రెండు చుట్లు చుట్టాను. తెల్ల కారు మీద తెల్ల దారం. రెండడుగుల దూరం నుంచి నాకే కనపడలేదు. ఆవిడకి కనపడాల్సిన పని లేదు. తెలియాలి. తెలుస్తుందా అన్నది నాకు తెలియదు.

మాణిక్యమ్మగారు గుమ్మంలోకి వచ్చింది. బుగ్గన లవంగం ఉంది. కొంగు సర్దుకుంది. ఒక మెట్టు, రెండో మెట్టు, మూడోది. ఎక్కడా తడబాటు లేదు. చెయ్యి వెనక దీపం మీద వేసింది. అక్కణ్ణుంచి పక్కకి జరిపింది. రబ్బరు ఉండాల్సిన చోట రబ్బరు లేదు. చెయ్యి ఆగింది.

"ఏంటి పెద్దమ్మా, ఆగావు? తలుపు కనపడట్లేదా ఏంటి?" అన్నాడు భాస్కరరావు, నవ్వు కలిపి.

"కారుకి ఈ జిగురేంట్రా?" అంది ఆవిడ, వేలు వేలుకి రాసుకుంటూ.

"ఆ పట్టీ బాగోలేదని తీయించాను పెద్దమ్మా."

"తీయించేవాడివి శుభ్రంగా తీయించొద్దూ. సగం పని చేసి వదిలేస్తే వీళ్లు మన సరుకు గురించి ఏమనుకుంటారు?" అంటూ నడిచింది. వేళ్లు బంక గట్టు వెంట వస్తున్నాయి. నాన్న అంటించిన ఒంకర దగ్గర చెయ్యి కూడా ఒంకర పోయింది. బంక అయిపోయింది. వేళ్లు నున్నటి రంగు మీదికి జారబోయి, దారం మీద ఆగాయి.

అక్కడ ఆవిడ చాలాసేపు నిలబడిందని నేను ఎప్పుడూ చెబుతుంటాను. నాన్న ఉన్నంతకాలం, చిటికేసినంతసేపే అనేవాడు. ఆయన అప్పుడక్కడ లేడు. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి దారాన్ని నులిమింది, కొట్లో పరుపు మీద కూర్చుని నులిమినట్టే. మొహంలో ఏదో కదిలింది. తల ఎత్తి, వచ్చినవాళ్ల గొంతులు వినపడ్డ వైపు తిరిగింది.

"ఇదేంటి, కారు మీద పట్టు పోగు. రెండు పోగులు కలిపి పేనింది. పురి ఎడమ చేతిది" అంది. "మా కోటయ్య పెళ్లాం పేనిక. ఈ ఊళ్లో ఎడమచేత్తో పేనేది అదొక్కతే." అంటూ వేలిని దారం వెంటే జార్చి, పిడి పట్టుకుని తలుపు తీసింది. "కారు మీద పడ్డ పోగు కూడా ఎవరింటిదో చెప్తాం బాబూ మేం. సరుకు గురించి మీకు బెంగక్కర్లేదు" అని ఎక్కి కూర్చుంది.

పెద్దాయన పకపకా నవ్వాడు. భాస్కరరావు వైపు తిరిగి, "చూపు తగ్గిందన్నారే?" అన్నాడు. భాస్కరరావు చొక్కా మొదటిసారి నలిగినట్టు కనిపించింది నాకు. నాన్న వెనక గదిలోంచి రెండు మూటలు భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో వచ్చేసరికి ఆవిడ కారు లోపలినుంచి, "కోటయ్యా, నీ కూతురు అక్కడే ఉన్నట్టుంది. ముందు సీట్లో ఎక్కించు" అంది. నేనున్నానని ఎలా తెలిసిందో నాకు ఇల్లు చేరేదాకా తెలియలేదు.

కారు ఆవిడ ఇంటి ముందు ఆగాక, "పిల్లా, నీ చేతులు నీలగిరి తైలం వాసనొస్తన్నాయి. జలుబా?" అంది.

"కాదండి. పట్టీ నేనే పీకాను. తప్పయిందండి."

"పీకడం తప్పు కాదులే. అడగాల్సింది" అంది. అంతే. దిగేటప్పుడు నేను తలుపు తియ్యబోతే, "నా చేతులేం పడిపోయాయా?" అని కసిరింది. ఆ కసురుకి నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను.

మర్నాడు నాన్న సొల్యూషను, కొత్త రబ్బరు తీసుకుని వెళితే ఆవిడ వద్దంది. "దారం చాలు కోటయ్యా. అది నాకే కనపడుద్ది, ఇంకెవరికీ కనపడదు." మిగిలిన బంకంతా నేనే రెండు రోజులు కూర్చుని తైలంతో తీశాను. శిక్ష అని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఆ తర్వాత కారు కడిగినప్పుడల్లా వెనక దీపం నుంచి పిడి దాకా కొత్త దారం, కొసల దగ్గర చుక్క సొల్యూషను. అమ్మ వారానికో బారెడు పేని ఇచ్చేది. కారుకి పట్టు దారమెందుకని ఒక్కసారీ అడగలేదు. మా ఇంట్లో అడగాల్సినవాళ్లు అడక్కపోవడం, అక్కర్లేనివాళ్లు అడక్కుండానే తెలుసుకోవడం ఉండేవి.

మరో రెండేళ్లకి మాణిక్యమ్మగారు తనకి తోచిన రోజున, కొట్టు నిండా నేతగాళ్లు ఉన్నప్పుడు, తనకి కళ్లు కనపడవని తనే చెప్పింది. పరుపు భాస్కరరావుకి అప్పజెప్పింది. నాన్న నొచ్చుకుంటే, "నాకు కనపడదని కనిపెట్టింది వాడొక్కడేరా. కొట్టుకి చూపున్నవాడు కావాలి" అందట. నేను అప్పటికి గుంటూర్లో ఉద్యోగంలో చేరాను. ఆ మాట నాన్న ఉత్తరంలో రాశాడు. దాని కింద, నువ్వు రబ్బరు పీకిన పూట గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నామని కూడా రాశాడు. నాకు మాత్రం ఆ పూట తల్చుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. నవ్వడానికి వాళ్లిద్దరికీ ఉన్న పెద్దరికం నాకింకా రాలేదు.

ఇప్పటి కార్లు తెలివైనవి. గోడ దగ్గరికొస్తే మూలుగుతాయి, తాళంచెవి జేబులో ఉంటే చాలు తలుపు గొళ్లెం తీసేస్తాయి. ఎవరికి ఏ లోటున్నా ఏదో ఒక మీట ఉంది, మంచిదే. కానీ ఒకరి లోటుని ఇంకొకరు మోస్తూ, నలుగురి నవ్వునీ తన మీద వేసుకుని, గేటుకి గీసుకోకుండా అని అబద్ధమాడే మనిషి ఆ మీటల్లో ఎక్కడుంటాడో వెతుక్కోవాలి. ఒంటికంటి కాటుక అని ఊరంతా వెక్కిరిస్తుంటే నాన్నకి నవ్వెలా వచ్చేదా అని ఎన్నేళ్లో ఆశ్చర్యపోయాను. ఊరు తెలియకుండానే నిజం చెబుతోంది, అది నిజమని తెలిసినవాడు తనొక్కడే. నవ్వకపోతే దొరికిపోయేవాడు.

మా కారు పట్టీలన్నీ ఊడాయి. బంక కూడా పోయింది. పూర్తిగా పోయిందో లేదో కళ్లతో చూస్తే నమ్మకం కలగక, వేలితో నిమురుకుంటూ వెనక దీపం నుంచి తలుపు దాకా నడిచాను. డాక్టరు నా ఎడమ కంటికి సాయంత్రం చుక్కలు రాసిచ్చి ఆరు నెలలైంది. కంట్లో ఒత్తిడి పెరిగిందన్నాడు, కంగారు పడాల్సింది లేదన్నాడు. చుక్కలు మానకపోతే చాలట. నేను మానట్లేదు. వేలు ఎక్కడా తగలకుండా జారిపోయి పిడి దాటి ముందు తలుపు దాకా వెళ్లింది. రంగు అంత నున్నగా వచ్చింది మరి.

మా ఆయన గిన్నెలు, గుడ్డలు సర్దుతూ, కండె మీద మిగిలిన దారం చేత్తో పట్టుకుని, "ఇది పారెయ్యనా?" అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో పారేసేముందు ఆయన నన్ను అడగడం అదే మొదలు. కండె అందుకుని కొసని నులిమి చూశాను. అమ్మ పేనిన పురి ఇంకా ఎడమవైపే ఉంది. కారు ముందు అరలో, కాగితాల కింద పెట్టి మూత వేశాను.

"అదిప్పుడెందుకు?"

"ఇప్పుడక్కర్లేదు" అన్నాను.